ఎండోస్కోపీ రిపోర్టు చదవడం – మూడో పాఠం: బ్యారెట్స్ నుంచి క్యాన్సర్ దాకా

కిందటి పాఠంలో రిపోర్టులో అన్నవాహిక గురించి ఎక్కడ రాస్తారో చూశాం. ఈసారి అక్కడ కనబడే ఒకే ఒక్క మాట: బ్యారెట్స్ ఈసోఫేగస్. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి చెన్నైకి చూపించుకోవడానికి వచ్చే మనవాళ్లు కొందరు ఈ మాట వినగానే "క్యాన్సర్ అంట" అని ఊరికి ఫోన్ చేసేస్తారు. మరికొందరు గ్యాసే కదా అని ఫైలు బీరువాలో పెట్టి మరిచిపోతారు. ఆ ఇద్దరూ చదవని వాక్యం ఒకటి బయాప్సీ కాగితంలో ఉంటుంది. దాన్ని పట్టుకోవడమే ఈ పాఠం.

ముందు లోపల జరిగేది తెలియాలి. అన్నవాహిక లోపలి పొర బల్లపరుపు కణాలతో లేత ముత్యపు రంగులో ఉంటుంది. ఆమ్లం, పైత్యరసం ఏళ్ల తరబడి పైకి ఎగదన్నుతుంటే ఆ పొర పుండు పడుతూ, మానుతూ ఉంటుంది. అలా మానేటప్పుడు కొందరిలో పాత కణాల చోట పేగులో ఉండే రకం నిలువు కణాలు పుట్టుకొస్తాయి. ఎండోస్కోపీలో ఆ మేర ఎర్రగా, నాలుకల్లా పైకి పాకి కనిపిస్తుంది. లండన్ సర్జన్ నార్మన్ బ్యారెట్ 1950లో దీని గురించి రాశారు, ఆ పేరే నిలిచింది. కొత్త పొర ఆమ్లాన్ని బాగా తట్టుకుంటుంది కాబట్టి కొందరికి గుండెల్లో మంట తగ్గుతుంది కూడా. మంట పోయిందని చెకప్ మానేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ల్యాబ్‌లో బయాప్సీ ముక్క ఉన్న స్లైడుకు ఆల్షియన్ బ్లూ అనే రంగు వేస్తాం. కణాల వరస మధ్యలో ఉబ్బెత్తుగా, నీలంగా తేలేవి గాబ్లెట్ కణాలు. పేగులో ఉండాల్సినవి అన్నవాహికలో కనిపిస్తే, రిపోర్టులో "ఇంటెస్టైనల్ మెటాప్లేసియా" అని రాస్తాం. ఇది క్యాన్సర్ కాదు. ఈ దశలో ఉన్న వెయ్యిమందిలో ఏడాదికి ఒకరి నుంచి ముగ్గురి దాకా మాత్రమే క్యాన్సర్ వైపు వెళతారు.

ఆ కొద్దిమందిలో ఏం జరుగుతుంది? కణాల పెరుగుదలకు కళ్లెం వేసే పి16 జన్యువు తరచూ ముందుగానే దెబ్బతింటుంది. ఆ తర్వాత పి53 పోతే, తప్పుగా విభజన అయిన కణాన్ని ఆపే కాపలా ఉండదు. క్రోమోజోముల లెక్క తప్పుతుంది. అప్పుడు సూక్ష్మదర్శినిలో కేంద్రకాలు పెద్దవై, నల్లబడి, ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపిస్తాయి. అదే డిస్‌ప్లేసియా. కేంద్రకాలు ఇంకా అడుగునే, వరసలోనే ఉంటే లో గ్రేడ్. వరస చెదిరి, గ్రంథుల ఆకారమే మారిపోతే హై గ్రేడ్. హై గ్రేడ్‌లో ఏడాదికి వందకు ఆరేడుగురిలో క్యాన్సర్ వస్తుంది. కణాలు అడుగు పొరను చీల్చుకుని కిందికి దిగితే అది క్యాన్సరే. పైపొరలో ఉండగానే దొరికితే చాలామందికి ఎండోస్కోపీ గొట్టంతోనే తీసేయవచ్చు. దాని కింద ఉండే సబ్‌మ్యూకోసా అనే పొరలోకి దిగితే లింఫ్ గ్రంథులకు పాకే ప్రమాదం బాగా పెరుగుతుంది.

ఇప్పుడు చదవండి: "సి 2 ఎం 5. పన్నెండు ముక్కలు. మెటాప్లేసియా ఉంది, డిస్‌ప్లేసియా లేదు." చుట్టూ పూర్తిగా మారిన మేర 2 సెంటీమీటర్లు, అన్నిటికంటే పొడవైన నాలుక 5 సెంటీమీటర్లు అని అర్థం. ప్రతి 2 సెంటీమీటర్లకు నాలుగు వైపులా నాలుగు ముక్కలు తీయాలి కాబట్టి, 5 సెంటీమీటర్లకు పన్నెండు ముక్కలంటే బాగానే వెతికారు. ఇదే పొడవుకు రెండే ముక్కలుంటే "డిస్‌ప్లేసియా లేదు" అన్న మాటకు బలం తక్కువ, డాక్టరుగారిని తప్పక అడగండి. డిస్‌ప్లేసియా లేనప్పుడు పొడవు 3 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే సాధారణంగా మూడేళ్లకు, అంతకంటే తక్కువైతే ఐదేళ్లకు మళ్లీ ఎండోస్కోపీ.

"లో గ్రేడ్" అని ఉంటే వెంటనే కంగారు పడొద్దు. పుండూ వాపూ ఉన్నచోట మంచి కణాలు కూడా అలాగే కనిపించి మమ్మల్ని మోసం చేస్తాయి. అందుకే జీర్ణకోశ వ్యాధుల్లో అనుభవం ఉన్న రెండో పెథాలజిస్టుకు, అంటే ల్యాబ్‌లో స్లైడు చూసి రిపోర్టు రాసే డాక్టరుకు, స్లైడు చూపించమంటారు. ఆసుపత్రిని అడిగి స్లైడు, బ్లాకు (ముక్కను మైనంలో పొదిగి దాచినది) రెండూ తీసుకోండి. ఉత్త కాగితం పట్టుకెళితే పని జరగదు.

ఒక్క హెచ్చరిక. మన దేశంలో అన్నవాహిక క్యాన్సర్లలో ఎక్కువభాగం ఈ దారిన రావు. పొగాకు, వక్క, మద్యం వల్ల బల్లపరుపు కణాల్లోనే పుడతాయి. ముద్ద గొంతు దిగక అడ్డుపడుతున్నా, బరువు తగ్గుతున్నా చెకప్ తేదీ కోసం ఆగకుండా వెంటనే వెళ్లండి.

సాధన: "సి 0 ఎం 2. మూడు ముక్కలు. పుండు, వాపు ఉన్నాయి. లో గ్రేడ్ డిస్‌ప్లేసియా." ఈ కాగితం చేతికొస్తే డాక్టరుగారిని ఏ రెండు ప్రశ్నలు అడుగుతారు? రాసి పెట్టుకోండి, నాలుగో పాఠం వాటితోనే మొదలవుతుంది.