జెంకిన్స్ నుంచి టీమ్ వికీకి – 3వ పాఠం: పేజీలో మెషీన్ వాటా

"అన్నా, స్టేజింగ్‌లో ఏ బిల్డ్ ఉంది?"

ఈ ప్రశ్నకు మాదాపూర్‌లో చాయ్ తాగుతూ జవాబు చెప్పాను, రాయదుర్గం మెట్రోలో నిలబడి చెప్పాను, ఒకసారి మేనత్త కొడుకు పెళ్ళిలో విస్తరి ముందు కూర్చుని కూడా చెప్పాను. బిల్డ్ అంటే కోడ్ నుంచి ఒకసారి తయారైన సాఫ్ట్‌వేర్ వెర్షన్, స్టేజింగ్ అంటే విడుదలకు ముందు దాన్ని పరీక్షించే సర్వర్. అడిగే టెస్టింగ్ వాళ్ళ తప్పేమీ లేదు. ఆ సమాచారం బిల్డ్‌లు నడిపే జెంకిన్స్‌లో ఉంది, వాళ్ళు చూసేది మా టీమ్ వికీ అయిన కాన్‌ఫ్లుయెన్స్‌లో ఒక పేజీ. ఈ రెంటినీ కలపడమే మన పని.

పోయిన పాఠంలో జెంకిన్స్‌లో కాన్‌ఫ్లుయెన్స్ పబ్లిషర్ అనే ప్లగిన్ (అదనపు భాగం) ఎక్కించి, వికీ అడ్రస్, యూజర్ వివరాలు ఇచ్చాం. ఒక మాట మళ్ళీ చెబుతున్నా: మీ సొంత లాగిన్ ఇవ్వకండి, బిల్డ్ కోసం వేరే అకౌంట్ తీసుకోండి. క్లౌడ్ కాన్‌ఫ్లుయెన్స్ అయితే పాస్‌వర్డ్ బదులు ఏపీఐ టోకెన్ (ప్రోగ్రాముల కోసం తీసుకునే రహస్య కోడ్) ఇవ్వాలి.

ఇప్పుడు జెంకిన్స్‌లో మీ జాబ్ (బిల్డ్ నడిపే పని) తెరిచి, కాన్ఫిగర్‌లో కిందికి వెళ్ళి, పోస్ట్ బిల్డ్ యాక్షన్స్‌లో 'పబ్లిష్ టు కాన్‌ఫ్లుయెన్స్' ఎంచుకోండి. స్పేస్ (వికీలో మీ టీమ్ విభాగం), పేజీ పేరు ఇవ్వండి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. అసలు నిర్ణయం తర్వాతి డ్రాప్‌డౌన్‌లో ఉంది: కొత్త రాతను పేజీలో ఎక్కడ పెట్టాలి? మొదట్లోనా, చివరా, ఒక గుర్తుకు ముందా, తర్వాతా, రెండు గుర్తుల మధ్యా, లేక పేజీ మొత్తం మార్చేయాలా?

నేను మొదటిసారి పేజీ మొత్తం మార్చే ఆప్షన్ పెట్టాను. శుభ్రంగా ఉంటుందనుకున్నా. ఆ పేజీ కిందే మా సహోద్యోగి ఒకావిడ రెండు నెలలుగా రాసుకున్న డిప్లాయ్‌మెంట్ (బిల్డ్‌ను సర్వర్‌పై పెట్టే పని) జాగ్రత్తలున్నాయి. ఏ సర్వీస్ ముందు ఆపాలి, ఏ సెట్టింగ్ ముట్టుకోకూడదు, అన్నీ. రాత్రి పదకొండున్నరకు బిల్డ్ నడిచింది, అవన్నీ పోయి ఒక్క నంబర్ మిగిలింది. పేజీ హిస్టరీలో పాత వెర్షన్ దొరికింది కాబట్టి బతికిపోయాను. అయినా ఆవిడ వారం రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడారు.

అందుకే నా ఓటు రెండు గుర్తుల మధ్య రాసే పద్ధతికే. మెషీన్‌కు పేజీలో ఒక చిన్న గది ఇస్తున్నాం, మిగతా ఇల్లంతా మనుషులది. చివర్లో చేర్చుకుంటూ పోయే పద్ధతి చరిత్ర ఉంచుకోవడానికి బాగుంటుంది గానీ, రోజుకు ఇరవై బిల్డ్‌లు నడిచే చోట నెల తిరిగేసరికి ఆ పేజీ ఎవరూ చదవరు.

గుర్తులు ఇలా పెట్టండి. వికీ పేజీలో ఒకే పేరాలో, పక్కపక్కనే, ఈ రెండు మాటలూ టైప్ చేయండి:

బిల్డ్‌మొదలు బిల్డ్‌చివర

ఒకే పేరా అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, 2011లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి కాన్‌ఫ్లుయెన్స్ పేజీని లోపల ట్యాగ్‌లతో (హెచ్‌టీఎంఎల్ లాంటి గుర్తింపు కోడ్‌తో) భద్రపరుస్తోంది. ఒక గుర్తు ఒక పేరాలో, రెండోది టేబుల్ గడిలో ఉంటే, మధ్యలో ఉన్నదంతా తీసేసేటప్పుడు ట్యాగ్‌లు కూడా తెగుతాయి. తెగిన పేజీని సర్వర్ ఒప్పుకోదు. ఇలాంటిదే ఇంకో చిక్కు: ఎవరో అందంగా ఉంటుందని 'బిల్డ్' అనే సగం మాటను బోల్డ్ చేస్తారు. కంటికి అదే మాట. లోపల మాత్రం మధ్యలో ట్యాగ్ దూరి మాట రెండు ముక్కలవుతుంది, ప్లగిన్‌కు అది దొరకదు. కన్సోల్‌లో (బిల్డ్ నడిచినప్పుడు జెంకిన్స్ చూపించే లాగ్‌లో) టోకెన్, అంటే మన గుర్తు, దొరకలేదని కనబడితే ముందు చూడాల్సింది ఇదే.

ఇక మధ్యలో ఏం రాయాలి? ఒక్క వాక్యం చాలు: జాబ్ పేరు, బిల్డ్ నంబర్, బిల్డ్ లింక్. జెంకిన్స్ ఈ మూడింటినీ తనే వేరియబుల్స్‌గా ఇస్తుంది. డాలర్ గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్, అందులో జాబ్ నేమ్, బిల్డ్ నంబర్, బిల్డ్ యూఆర్ఎల్. అన్నీ ఇంగ్లీష్ పెద్దక్షరాల్లో, మాటల మధ్య అండర్‌స్కోర్‌తో. కోడ్ మార్పులను దాచుకోవడానికి గిట్ వాడుతుంటే, బిల్డ్ ఏ మార్పు (కమిట్) నుంచి వచ్చిందో చెప్పే గిట్ కమిట్ కూడా వస్తుంది. కానీ అది 40 అక్షరాల తోక, పేజీలో పెట్టాలంటే మొదటి ఏడెనిమిది చాలు.

మామూలుగా బిల్డ్ సక్సెస్ అయితేనే ప్లగిన్ పేజీని ముట్టుకుంటుంది. అన్‌స్టేబుల్ బిల్డ్‌కు (తయారైంది గానీ టెస్టులు ఫెయిలైనదానికి) కూడా రాయమనే చెక్‌బాక్స్ ఒకటుంది, నేను దాన్ని ఖాళీగానే వదిలేస్తాను. టెస్టింగ్ వాళ్ళకు కావాల్సింది స్టేజింగ్‌లో ఉన్న బిల్డ్, మన పసుపు లైట్లు కాదు. అదే కారణంతో ఈ యాక్షన్‌ను ప్రతి కమిట్‌కూ నడిచే జాబ్‌లో కాకుండా డిప్లాయ్ జాబ్‌లోనే పెట్టండి. లేకపోతే పేజీ హిస్టరీ నిండా మెషీన్ వెర్షన్లే ఉంటాయి, మనుషులు ఎప్పుడేం మార్చారో వెతకలేరు.

ఇంటిపని: ఎవరూ వాడని పేజీలో గుర్తులు పెట్టి బిల్డ్ మూడుసార్లు నడపండి, పైనా కిందా మీరు రాసినవి అలాగే ఉన్నాయో లేదో చూడండి. తర్వాత కావాలనే ఒక గుర్తులో సగాన్ని బోల్డ్ చేసి నాలుగోసారి నడిపి, కన్సోల్‌లో వచ్చిన లైన్‌ను నోట్ చేసుకోండి. నాలుగో పాఠంలో ఆర్కైవ్ చేసిన ఫైళ్ళను అదే పేజీకి అటాచ్ చేద్దాం.