నడుము ఆపరేషన్‌కు బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

మా అమ్మకు నడుము దగ్గర వెన్ను కాలువ, అంటే వెన్నెముకలో నరాలు వెళ్ళే దారి, ఇరుకైంది. నాలుగడుగులు వేస్తే కాళ్ళు బరువెక్కేవి. కూరల బండి మీదికి వంగి నిలబడితే తేలికయ్యేది. చిన్న కోతతో చేసే ఆపరేషన్ కోసం చిత్తూరు నుంచి తిరుపతికి తీసుకెళ్ళే ముందు ఇవన్నీ చూసుకున్నాం.

ముందు మందుల సంగతి. రక్తం పలచబడడానికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో వద్దో ఆయనే చెప్పాలి. సొంతంగా ఆపితే గుండెకు ముప్పు, చెప్పకుండా మింగితే రక్తస్రావం. మందుల డబ్బా మొత్తం సంచిలో వేసుకెళ్ళండి. అమ్మ ఇన్నాళ్ళూ బీపీ బిళ్ళ అనుకున్న తెల్లది ఆస్పిరిన్ అని అక్కడే తెలిసింది! నాటు మందులు, కషాయాలు కూడా దాచొద్దు.

షుగర్ అదుపులో లేకపోతే కోత త్వరగా మానదు, చీము పట్టొచ్చు. బీడీ, సిగరెట్ మానాలి.

ఎమ్మారై రిపోర్టు ఒక్కటే చాలదు, ఫిల్ములూ కావాలి.

ఆపరేషన్‌కు కనీసం 6 గంటల ముందే తిండి ఆపాలి. నీళ్ళు ఎప్పటిదాకా తాగొచ్చో మత్తు డాక్టరును అడగండి.

ఇంట్లో కమోడ్ కుర్చీ ముందే తెచ్చి పెట్టండి. కాలినడకన కొండెక్కుతామని మొక్కుకున్నారా? అలిపిరి దారిలో 3,550 మెట్లు. డాక్టరు సరేననేదాకా వద్దు.

ఈలోగా ఒంటేలు రాకపోయినా, మలద్వారం చుట్టూ మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా ఆపరేషన్ తేదీ కోసం ఆగకండి. అర్ధరాత్రైనా సరే, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.