మూడు జనగణన పత్రాల్లో అమెరికా: 1920, 1930, 1940 పుటలను చదివే పద్ధతి

అమెరికాలో రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలాన్ని చదవబోయేవారు సాధారణంగా పెద్ద సంఘటనలతో మొదలుపెడతారు: 1920లో మద్యనిషేధం, 1929లో వాల్ స్ట్రీట్ పతనం, 1933లో అధ్యక్షుడిగా ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ రాక. ఆ వరుస తప్పు కాదు గానీ, అందులో మనుషులు కనిపించరు. అంతకంటే మంచి దారి ఒకటుంది. 1920, 1930, 1940 జనగణనల్లో ఎన్యూమరేటర్లు ఇంటింటికీ తిరిగి చేత్తో నింపిన పత్రాలు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. వ్యక్తుల వివరాలున్న ఈ పత్రాలను అక్కడ 72 ఏళ్లపాటు గోప్యంగా ఉంచుతారు. అందుకే 1930 నాటివి 2002లోనూ, 1940 నాటివి 2012లోనూ బయటికి వచ్చాయి. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ భద్రపరచిన ఈ పుటల చిత్రాలను ఇంటర్నెట్‌లో చూడవచ్చు.

ముందుగా ఒక చిన్న ఊరిని గానీ, నగరంలో ఒక వీధిని గానీ ఎంచుకోండి. ప్రసిద్ధుల పేర్ల కోసం వెతకవద్దు. దేశమంతటినీ ఎన్యూమరేషన్ డిస్ట్రిక్టులుగా, అంటే ఒక్కో ఎన్యూమరేటర్ తిరగవలసిన, సంఖ్య ఇచ్చిన చిన్న ప్రాంతాలుగా విభజించారు కనుక, ఆ సంఖ్య తెలిస్తే ఎవరి పేరూ తెలియకుండానే వీధి మొత్తం దొరుకుతుంది. 1920, 1930 పత్రాల్లో పుటకు 50 వరుసలు, 1940లో 40 వరుసలు ఉంటాయి. ఒక్కో జనగణన నుంచి రెండు మూడు పుటలు నిదానంగా చదివితే చాలు. వంద పుటలు తిరగేసినవారికంటే మీకే ఎక్కువ తెలుస్తుంది.

చదివే ముందు పుట పైన గణన తేదీ రాసుకోండి. 1920లో అది జనవరి 1, మిగతా రెండింటిలో ఏప్రిల్ 1. దేశ జనాభాలో సగానికి మించినవారు పట్టణాల్లో ఉన్నారని మొదటిసారి తేల్చింది 1920 గణనే. అయితే 2,500 మంది ఉన్న ఊరినల్లా పట్టణంగానే లెక్కించారని మరచిపోతే, దేశంలో సగం న్యూయార్క్‌లా ఉండేదన్న భ్రమ కలుగుతుంది. ఆ లెక్క ప్రకారం ప్రతినిధుల సభ స్థానాలను మళ్లీ పంచవలసిన కాంగ్రెస్, ఆ దశాబ్దమంతా ఆ పని చేయలేదు. పంచితే పల్లెల బలం తగ్గి పట్టణాల బలం పెరిగేది. పల్లెకూ పట్నానికీ మధ్య పెరిగిన వైరం ఎంతటిదో ఈ ఒక్క విషయమే చెబుతుంది.

అన్నిటికంటే ఎక్కువ సమయం 1930 పుటకు ఇవ్వండి. తేదీ ఏప్రిల్ 1 అంటే, స్టాక్ మార్కెట్ కూలి అప్పటికి అయిదు నెలలు దాటింది. రాబోయే కష్టం ఎంతటిదో మాత్రం ఇంకా ఎవరికీ తెలియదు. ఎడమవైపున్న గడులు చూడండి. ఇల్లు సొంతమా, అద్దెదా అన్నది ఒకటి, సొంతమైతే దాని విలువ, అద్దెదైతే నెలసరి అద్దె మరొకటి. ఆ పక్కనే చాలా ఇరుకైన గడి ఒకటి ఉంటుంది. ఇంట్లో రేడియో ఉంటే ఎన్యూమరేటర్ అందులో ‘ఆర్’ అన్న ఒక్క అక్షరం రాశాడు. దేశం మొత్తం మీద నూటికి దాదాపు 40 కుటుంబాలకు ఆ అక్షరం దక్కింది. పిట్స్‌బర్గ్‌లోని కేడీకేఏ రేడియో కేంద్రం అధ్యక్ష ఎన్నికల ఫలితాలను ప్రసారం చేసింది 1920 నవంబరు 2న. పదేళ్లు నిండకముందే రేడియో జనగణన పత్రంలో తనకంటూ ఒక గడి సంపాదించుకుంది. మీ పుటలో ‘ఆర్’ ఉన్న ఇళ్లను, లేని ఇళ్లను విడదీసి, పక్కన అద్దెను, ఇంటి పెద్ద వృత్తిని రాసుకోండి. తక్కువ అద్దె ఇంట్లోనూ రేడియో కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. ఆ దశాబ్దంలో కార్లు, రేడియోలు, వాషింగ్ మెషీన్లు నెలవారీ వాయిదాల మీద విరివిగా అమ్ముడుపోయాయి. కార్ల కొనుగోలుకు అప్పు ఇవ్వడానికి జనరల్ మోటార్స్ 1919లోనే ప్రత్యేక సంస్థను పెట్టింది.

అప్పు సంగతి ఇంటి విషయంలో మరింత జాగ్రత్తగా చూడాలి. సొంత ఇల్లు తాకట్టులో ఉందా లేదా అని 1920 పత్రం అడిగింది. 1930 పత్రం ఆ ప్రశ్న వదిలేసి, విలువ మాత్రమే అడిగింది. కాబట్టి 1930లో ‘సొంతం’ అని రాసి ఉంటే నిశ్చింత అనుకోవద్దు. ఆనాటి గృహ రుణాల్లో చాలావాటికి గడువు మూడు నుంచి అయిదేళ్లే; గడువు తీరాక మిగిలిన అసలును తిరగరాయించుకోవాలి. బ్యాంకులు తిరగరాయడం మానేసిన రోజున ఇల్లు చేజారింది. ఇలాంటి రుణాలను తన చేతికి తీసుకొని దీర్ఘకాలిక వాయిదాలుగా మార్చడానికే 1933లో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ వచ్చింది.

ఉద్యోగ వివరాల దగ్గర ‘నిన్న పనిలో ఉన్నారా’ అన్న గడి ఉంది. అక్కడి ‘లేదు’ అన్న జవాబులన్నీ లెక్కపెట్టండి. స్త్రీల వరుసల్లో మరో మెలకువ కావాలి: ‘భార్య’ అన్న మాట పక్కన ‘హెచ్’ (హోమ్‌మేకర్) అని ఉంటే ఆ ఇంటిని నడిపేది ఆమె అని అర్థం, వృత్తి గడిలో మాత్రం ‘ఏమీ లేదు’ అనే ఉంటుంది. అదే ఇంట్లో ముగ్గురు నలుగురు అద్దెమనుషులు నమోదై ఉంటే వాళ్ల పడకలు సర్ది, తరచుగా అన్నం కూడా పెట్టి డబ్బు తెచ్చింది ఎవరో మీరే గ్రహించాలి.

వలసను పట్టుకోవడానికి పిల్లల జన్మస్థలాలకు మించిన ఆధారం లేదు. షికాగో సౌత్ సైడ్‌లోని ఒక నల్లజాతి కుటుంబం పుటలో పదకొండేళ్ల పెద్ద కొడుకు మిసిసిపీలో పుట్టినట్టు, ఏడేళ్ల కూతురు ఇల్లినాయ్‌లో పుట్టినట్టు ఉంటే, ఆ కుటుంబం ఏ నాలుగేళ్లలో దక్షిణాదిని విడిచి వచ్చి ఉంటుందో మీరే చెప్పగలరు. యుద్ధం వల్ల యూరప్ నుంచి వచ్చే కూలీలు తగ్గి ఉత్తరాది కర్మాగారాలకు మనుషులు కావలసి రావడం, దక్షిణాదిలో వివక్ష, హింస, పత్తిని తినేసిన పురుగు, ఇవన్నీ కలిసి కదిలించిన ఆ మహావలసను ఇంత దగ్గరగా చూపే గడులు మరేవీ లేవు.

విదేశాల్లో పుట్టినవారికి వలస వచ్చిన సంవత్సరం కూడా రాశారు. 1924 తర్వాతి సంవత్సరాలు ఎంత అరుదో గమనించండి. 1890 జనగణననాటికి దేశంలో ఉన్న ఒక్కో దేశస్థుల సంఖ్యలో నూటికి ఇద్దరి చొప్పునే అనుమతించిన ఆ ఏటి చట్టం, ఇటలీ, పోలండ్ ప్రజలకు దాదాపు తలుపు మూసింది, ఆసియావారిని దాదాపు పూర్తిగా ఆపింది. జాతి గడిలో ఎక్కడైనా ‘హిన్’ అని కనిపిస్తే ఒక్క క్షణం ఆగండి. భారతీయులను వారి మతంతో నిమిత్తం లేకుండా ‘హిందూ’ జాతిగా నమోదు చేశారు. సిక్కు అయినా, ముస్లిం అయినా అదే మాట. అంతకు ఏడేళ్ల ముందు, 1923లో, అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ శ్వేతజాతీయుడు కాడు కనుక పౌరసత్వానికి అర్హుడు కాడని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ చిన్న మాట వెనుక ఉన్న అవమానాన్ని వదిలేసి చదివితే ఆ పుట సగమే చదివినట్టు.

ఈ పద్ధతిలో ఒక పెద్ద లోటుంది. పనిచేయగలవారిలో దాదాపు నాలుగో వంతు మంది నిరుద్యోగులైన 1933 ఏ జనగణనలోనూ లేదు. ఆ ఖాళీని కొంతవరకైనా పూడ్చడానికి పేద రైతులకు సాయం చేసిన ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ, దానికి ముందున్న సంస్థ తీయించిన ఛాయాచిత్రాలు చూడండి. అవి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. డొరొథియా లాంజ్ 1936లో కాలిఫోర్నియాలోని బఠాణీ కోత కూలీల శిబిరంలో తీసిన తల్లి చిత్రం వాటిలో ఒకటి. అయితే ఆ కార్యక్రమం 1935లో మొదలైందనీ, ప్రభుత్వ సాయానికి మద్దతు కూడగట్టడం దాని ఉద్దేశాల్లో ఒకటనీ గుర్తుంచుకోండి.

చివరగా 1940 పుట. 1935 ఏప్రిల్ 1న ఎక్కడ ఉన్నారని ఈ పత్రం అడిగింది. కాలిఫోర్నియాలోని కెర్న్ కౌంటీ పుట తీసి ‘ఓక్లహోమా’ అన్న జవాబులు లెక్కించండి; కరువు, కష్టకాలం వల్ల పడమటికి తరలివచ్చినవారు అలా కనిపిస్తారు. నిరుద్యోగులకు పని కల్పించిన డబ్ల్యూపీఏ పథకం వంటి ప్రభుత్వ అత్యవసర పనుల్లో ఉన్నవారికి వేరే గడి ఉంది. వారిని ఉద్యోగులుగా చూస్తారా, నిరుద్యోగులుగానా అన్నదాన్ని బట్టి నిరుద్యోగ శాతమే మారిపోతుంది కనుక, మీరు ఎలా లెక్కించారో ముందే రాసుకోండి. 1939 ఆదాయాన్ని అడిగిన గడిలో కూలి, జీతం మాత్రమే చేరాయి. రైతు ఎదుట సున్నా ఉంటే ఆయనకు రాబడే లేదని కాదు, పంట అమ్మిన డబ్బు అందులో రాయలేదని అర్థం. పుటలో రెండు వరుసలవారిని మాత్రం అడుగున అదనపు ప్రశ్నలు అడిగారు. వృద్ధాప్య పింఛను పథకమైన సోషల్ సెక్యూరిటీ నంబరు ఉందా అన్నది వాటిలో ఒకటి. ‘లేదు’ అని జవాబిచ్చినవారి వృత్తి కూడా చూడండి. 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం పొలం కూలీలనూ, ఇళ్లలో పనిచేసేవారినీ బయటే ఉంచింది, దక్షిణాదిలో నల్లజాతివారు ఎక్కువగా చేసిన పనులు ఆ రెండే.