కొండకి బూట్లు: దిగుడుకి సరిపోయేవే కొనండి

కొండ ఎక్కేటప్పుడు ఏ జోడైనా బాగానే ఉంటుంది. దాని సంగతి దిగేటప్పుడు బయటపడుతుంది. ఒంటి బరువు, వీపున సంచి బరువు కలిసి పాదాన్ని బూటు ముందుకి తోస్తాయి. వేళ్లు ముందు గోడకి కొట్టుకుంటాయి, మడమ లోపల జారుతుంది, గంటా రెండు గంటల్లో బొటనవేలి గోరు కింద రక్తం కట్టి నల్లబడుతుంది. ఒడిశాలో మహేంద్రగిరికి (1501 మీటర్లు) వెళ్లినా, కోరాపుట్ దగ్గర దేవమాలికి (1672 మీటర్లు) వెళ్లినా, కొనే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది దిగుడుకి ఆగుతుందా? వాటర్‌ప్రూఫ్, చీలమండ దాకా ఎత్తు, పెట్టె మీద మంచుకొండ బొమ్మ, ఇవన్నీ తర్వాత.

మన కొండల నేల సంగతి కూడా కొంచెం తెలియాలి. ఇక్కడ ఎక్కువగా ఉండేది ఖోండలైట్ రాయి. ఎండకీ వానకీ అది చివికి ఎర్రమట్టి, మొరం అవుతుంది. గట్టిగా తొక్కుడు పడిన బాట మీద శనగగింజంత నుంచి రేగుపండంత రాళ్లు పరుచుకుని ఉంటాయి. దిగుడులో అవి కాలి కింద గోలీల్లా దొర్లుతాయి. వానాకాలంలో అదే మట్టి సోలుకి పట్టుకుని అట్టలు కడుతుంది, గెడ్డ (వాగు) దాటే చోట బండల మీద నాచు. వలిసె పూల రోజుల నుంచి సంక్రాంతి దాకా పొద్దుటి పూట గడ్డి నిండా మంచు, అరగంట నడిస్తే సాక్సు తడిసిపోతుంది. కాబట్టి మనకి కావలసింది మూడు: వేళ్లకి చోటు, జారని సోలు, తడిసినా తొందరగా ఆరే గుణం. ఈ మూడూ తక్కువ ధరలో దొరుకుతాయి.

పాదం కొలత ఇంట్లోనే తీసుకోండి

"నాది ఏడో నంబరు" అన్న మాటని నమ్ముకోవద్దు. ఒక కంపెనీ ఏడు ఇంకో కంపెనీకి ఏడున్నర. సాయంత్రం, కనీసం గంటో రెండు గంటలో నడిచాక కొలవండి. అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, కొండ మీద ఉండేది కూడా ఆ పాదమే. గోడకి ఆనించి నేల మీద తెల్లకాగితం పెట్టి, కొండకి వేసుకునే సాక్సుతోనే మడమ గోడకి తగిలేలా నిలబడండి. కూర్చుని కొలిస్తే లెక్క తప్పుతుంది, బరువు పడినప్పుడు పాదం సాగుతుంది. అన్నిటికన్నా ముందుకి వచ్చిన వేలి చివర గీత పెట్టమని ఇంకొకరికి చెప్పండి. మీరే వంగి గీస్తే బరువు ముందుకి పోయి మడమ లేస్తుంది. కొందరికి బొటనవేలి కన్నా పక్కవేలు పొడవు, దాన్ని వదిలేయకండి. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. వేళ్ల మొదట్లో, పాదం బాగా వెడల్పుగా ఉన్న చోట కూడా ఒక కొలత రాసుకోండి.

పాదం 25.4 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి. దిగుడుకి ముందు ఒక సెంటీమీటరు నుంచి 1.2 దాకా ఖాళీ కావాలి. అంటే లోపలి అట్ట (బూటు లోపల పాదం కింద పరిచి ఉండే ఇన్‌సోల్) 26.4 నుంచి 26.6 ఉండాలి. బూటు నాలుక లోపల అంటించిన చీటీ మీద సెంటీమీటర్ల అంకె ఉంటే, చాలా కంపెనీల లెక్కలో అది పాదం పొడవు, అట్ట పొడవు కాదు. రెండూ కలగలిపితే ఒక నంబరు తేడా వచ్చేస్తుంది. యూకే నంబరు ఒకటి పెరిగితే పొడవు సుమారు 8.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది, యూరప్ నంబరు ఒకటి పెరిగితే సుమారు 6.7. అర నంబరు అంటే నాలుగు మిల్లీమీటర్లే, కానీ గోరు నల్లబడటానికీ పడకపోవడానికీ ఆ నాలుగు చాలు.

చిన్నప్పటి నుంచి చెప్పుల్లోనో వట్టి కాళ్లతోనో తిరిగిన పాదాలు ముందువైపు విచ్చుకుని ఉంటాయి. వాటికి పొడవు సరిపోయినా వెడల్పు చాలదు. అలాంటివాళ్లు వెడల్పు కోసం రెండు నంబర్లు పెద్దది కొంటారు. అప్పుడు బూటు మడత పడే చోటు, పాదం మడత పడే చోటు వేరైపోయి మడమ జారుతుంది. నంబరు పెంచకండి, మోడలు మార్చండి: ముందు భాగం గుండ్రంగా, వెడల్పుగా ఉన్నది వెతకండి. ఆడవాళ్ల మోడళ్లలో చాలావరకు ముందు సన్నగా ఉంటాయి. అందులో పట్టకపోతే, సెంటీమీటర్లు చూసుకుని మగవాళ్ల చిన్న నంబరు తీసుకోవచ్చు. పిల్లలకి "వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయి" అని పెద్దవి కొంటే కొండ మీద వాళ్లని మీరే మోసుకు దిగాలి.

దుకాణంలో

బరంపురం, జయపురం, రాయగడ, పర్లాకిమిడి, ఎక్కడైనా సరే, సాయంత్రం వెళ్లండి, మీ సాక్సులు మీరు పట్టుకెళ్లండి. అమ్మేవాళ్లు "వేసుకుంటే సాగుతుంది సార్" అంటారు. తోలు పక్కలకి కాస్త సాగుతుంది గానీ పొడవు సాగదు, సింథటిక్ గుడ్డ ఎటూ సాగదు. తెలుగు రాని కుర్రాడు ఉంటే ఒడియాలో "గోటే సైజ్ బొడొ" అనండి చాలు, ఒక నంబరు పెద్దది తెస్తాడు.

ముందుగా లోపలి అట్ట బయటికి లాగండి. రాకపోతే, అంటే అంటించేసి ఉంటే, అది కొండకి తగిన బూటు కాదనే అనుకోవచ్చు. తడిసినప్పుడు విడిగా ఆరబెట్టడానికి వీల్లేదు. అట్టని నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. ముందు బొటనవేలి గోరంత ఖాళీ కనబడాలి, పక్కల నుంచి చిటికెనవేలు బయటికి వేలాడకూడదు. తర్వాత అట్ట లోపల పెట్టి, లేసు కట్టకుండా పాదాన్ని ముందుకి తోసి వేళ్లు తగిలించండి. మడమ వెనక చూపుడువేలు దూరాలి. రెండు వేళ్లు దూరితే పెద్దది, వేలు బలవంతంగా దూరితే చిన్నది.

అసలు పరీక్ష మెట్ల మీద. లేసు గట్టిగా కట్టి ఎక్కండి: మడమ అర సెంటీమీటరు దాకా లేస్తే పరవాలేదు, అంతకు మించితే బొబ్బ ఖాయం. ఇప్పుడు దిగండి, కావాలనే బరువుగా అడుగులు వేస్తూ. దిగాక ముందు మొనతో నేలని మూడు నాలుగుసార్లు తన్నండి. మొదటి తన్నుకే వేళ్లు తగిలితే లేసు విప్పి, చీలమండ మడత దగ్గర బిగించి మళ్లీ చూడండి. అప్పటికీ తగిలితే ఆ జత పెట్టెలో పెట్టేయండి, ఎంత తగ్గింపు ఇచ్చినా. రెండు కాళ్లకీ వేసుకుని పావుగంట దుకాణంలోనే తిరగండి. ఒక్క కాలికి వేసుకుని రెండు అడుగులు వేసి కొనేస్తే దాన్ని కొనడం అనరు. ఎక్కడైనా నొక్కుతున్నట్టు ఉంటే అది కొండ మీద నొప్పి అవుతుంది, తగ్గడం మాత్రం ఉండదు.

వేళ్ల సంగతి తేలాక చేత్తో చూడాల్సినవి. మొన, మడమ పట్టుకుని వంచండి. వేళ్ల మొదట్లో వంగాలి. నడుమ, అరికాలి వంపు దగ్గర మడత పడితే లోపల బలం లేదు, దిగుడులో అరికాలు గుంజుతుంది. తడిబట్ట పిండినట్టు మెలితిప్పండి. కొంచెం తిరగాలి, పూర్తిగా మెలి పడకూడదు. మడమ వెనక భాగాన్ని రెండు వేళ్లతో నొక్కితే అణిగిపోకూడదు. సోలు మీద గోరు గుచ్చండి. రబ్బరైతే చిన్న గాటు పడి మళ్లీ లేస్తుంది. ప్లాస్టిక్కులా గట్టిగా, నున్నగా మెరుస్తూ ఉంటే అది పీవీసీ, తడి బండ మీద సబ్బులా జారుతుంది. సోలు అడుగున పొడుచుకొచ్చిన గళ్లు కనీసం 4 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి, గడికీ గడికీ మధ్య చిటికెనవేలు ఆనేంత సందు ఉండాలి. సందు ఇరుకైతే ఎర్రమట్టి అందులో ఇరుక్కుని సోలు చదునైపోతుంది. మడమ దగ్గర గళ్లు ముందువైపుకి అడ్డంగా, అంచు తేలి ఉన్నాయా చూడండి, దిగుడులో బ్రేకు పని చేసేది ఆ అంచే.

బూటు నాలుక రెండు పక్కలా గుడ్డతో కలిపి కుట్టి ఉంటే మొరం లోపల పడదు. పైన జాలీ మరీ పెద్ద కన్నాలతో ఉంటే గడ్డి ముళ్లు దూరి సాక్సుకి గుచ్చుకుంటాయి. సన్నని నేత ఉన్నది చాలు.

దేనికి డబ్బు పెట్టాలి, దేనికి వద్దు

వాటర్‌ప్రూఫ్ పొర ఉన్న బూటుకి ఇక్కడ ఎక్కువ పెట్టడం దండగ అన్నదే మా అభిప్రాయం. గెడ్డలో దిగితే నీళ్లు పైనుంచి వస్తాయి, లోపలికి వచ్చినవి ఆ పొర వల్లే బయటికి పోవు. ఉక్కపోతలో చెమట కూడా అందులోనే. మామూలు జాలీ బూటు తడుస్తుంది, నడుస్తుంటేనే సగం ఆరుతుంది. చలికాలం మంచు గడ్డిలో మాత్రం ఆ పొర పనికొస్తుంది, అది నిజం. అయితే అదనంగా ఒక జత సాక్సు సంచిలో పెట్టుకుంటే అంతకన్నా చవక. చీలమండ దాకా ఉన్నవి కూడా అంతే: ఒకరోజు నడకకి, ఐదారు కిలోల సంచితో, పొట్టివి చాలు. ఇంతకుముందు చీలమండ బెణికినవాళ్లకి, ముళ్లపొదల్లో నడిచేవాళ్లకి ఎత్తువి మేలు.

వెయ్యి రూపాయల లోపు దొరికే కాన్వాసు జంగిల్ బూట్లని చిన్నచూపు చూడొద్దు. రబ్బరు సోలు బురదలో బాగా పట్టు ఇస్తుంది, ముళ్లు ఆపుతుంది. లోపల మెత్తదనం ఉండదు. నూటయాభై రెండొందల్లో మంచి లోపలి అట్ట కొని వేసుకోవాలి, ఆ మందం లెక్కలోకి తీసుకుని నంబరు చూసుకోవాలి. నేపాల్‌లో తయారయ్యే గోల్డ్‌స్టార్ లాంటివి కూడా చవకలో చాలామంది కొండలకి వాడేవే. 1500 నుంచి 3000 మధ్య పొట్టి హైకింగ్ బూట్లు ఎక్కువమందికి సరిపోతాయి. ఒక్కోటి 400 గ్రాముల చుట్టుపక్కల ఉంటే హాయి. కంపెనీ డ్యూటీకి ఇచ్చే సేఫ్టీ షూ వేసుకుని కొండకి వెళ్లేవాళ్లు రాయగడ, కోరాపుట్ వైపు చాలామంది. మందపాటి సోలు చూసి మోసపోతారు. అందులో వేళ్ల మీద ఉక్కు టోపీ ఉంటుంది, దిగుడులో వేళ్లు దానికే కొట్టుకుంటాయి. బరువు కూడా ఎక్కువ.

భారీ తగ్గింపులో దొరికే పాత స్టాకు దగ్గర జాగ్రత్త. పాలీయూరిథేన్ (పీయూ అనే స్పాంజిలాంటి ప్లాస్టిక్) సోలు వాడకుండా పెట్టెలో ఉన్నా గాలిలో తేమకి లోలోపల విరిగిపోతుంది. చూడటానికి కొత్తగానే ఉంటుంది, కొండ మీద మొదటి రోజే బిస్కెట్టులా పొడిగా రాలుతుంది. పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, మూడేళ్లు దాటితే వద్దు. ఆన్‌లైన్లో తెప్పిస్తే సాయంత్రం పూట ఇంట్లో తుడిచిన గచ్చు మీదే పై పరీక్షలన్నీ చేయండి. సోలుకి మట్టి అంటితే వెనక్కి తీసుకోరు.

మిగిలిన డబ్బు సాక్సులకి పెట్టండి. నూలు సాక్సు చెమట పీల్చి పట్టుకుంటుంది, తడి చర్మం రాపిడికి తొందరగా లేస్తుంది. నైలాన్, పాలిస్టర్ కలిసినవి రెండు జతలు చాలు.

లేసు, సాధన

మడమ జారకుండా ఉండే కట్టు ఇది. పై నుంచి రెండో కన్నం దాకా మామూలుగా కట్టుకు రండి. అక్కడ అడ్డంగా దాటించకుండా, ఏ పక్క లేసుని ఆ పక్క పై కన్నంలోకే బయటి నుంచి లోపలికి దూర్చండి. రెండు పక్కలా చిన్న ఉచ్చులు మిగులుతాయి. కుడి కొసని ఎడమ ఉచ్చులోంచి, ఎడమ కొసని కుడి ఉచ్చులోంచి తీసి, కిందికీ వెనక్కీ లాగి ముడి వేయండి. దిగుడు మొదలయ్యే ముందు ఆగి వేళ్ల దగ్గర కొంచెం వదులు, చీలమండ మడత దగ్గర బిగుతు ఉండేలా మళ్లీ కట్టుకోండి. మడత దగ్గర లేసులని ఒకదాని చుట్టూ ఒకటి రెండుసార్లు మెలిపెడితే కింది వదులు కిందే, పై బిగుతు పైనే ఉంటాయి.

కొత్త బూట్లతో నేరుగా కొండకి వెళ్లకండి. రెండు వారాలు బజారుకి, పొలానికి వేసుకు తిరగండి, తర్వాత సంచితో ఐదారు కిలోమీటర్లు. బయలుదేరే రెండు రోజుల ముందు గోళ్లు అడ్డంగా, తిన్నగా కత్తిరించండి. దారిలో ఎక్కడైనా చురుక్కుమంటే అప్పుడే ఆగాలి, "ఇంకో మలుపు దాటాక" అనుకుంటే బొబ్బ లేచిపోతుంది. చెమట తుడిచి మందుల షాపులో దొరికే అంటుపట్టీ ముడతల్లేకుండా అంటించండి. షుగరుతో పాదాల స్పర్శ తగ్గినవాళ్లకి ఈ చురుకు తెలియదు, వాళ్లు గంటకోసారి బూటు విప్పి కళ్లతో చూసుకోవాలి.

తిరిగొచ్చాక ఎర్రమట్టి కడిగి, అట్ట, లేసు తీసేసి, లోపల పాత పేపర్లు కుక్కి నీడలో పెట్టండి. పొయ్యి దగ్గర ఆరబెడితే జిగురు కరిగి సోలు నోరు తెరుస్తుంది. అలా ఊడిన చోట మట్టి పూర్తిగా తీసి, రెండు వైపులా రబ్బరు సొల్యూషన్ రాసి, కాస్త ఆరనిచ్చి అతికించి, ఒక రోజు బరువు కింద ఉంచాలి. కాన్వాసు బూట్లకైతే కొనగానే మూల మీద చెప్పులు కుట్టేచోట నైలాన్ దారంతో చుట్టూ పక్క కుట్టు వేయించుకోవచ్చు. నడుమ స్పాంజి పొర ఉన్న హైకింగ్ బూట్లకి మాత్రం ఆ కుట్టు వేయించకండి, దారం స్పాంజిని కోసేస్తుంది.