బల్ల మీద పాంజియాను కలిపి విడదీయడం ఎలా?

తిరుపతిలో సోషల్ చెబుతాను. పాంజియా అంటే ఒకప్పుడు ఖండాలన్నీ కలిసి ఉన్న ఒకే పెద్ద భూభాగం. ఆ పాఠం వచ్చినప్పుడు నాకు కావలసినవి అట్ట, కత్తెర, బటర్ పేపర్, ఒక గ్లోబు.

మొదటిసారి గోడ పటం మీద నుంచే ముక్కలు దించాను. గ్రీన్‌లాండ్ ఆఫ్రికాకు పోటీ వచ్చింది, అంటార్కిటికా పీలికలా సాగింది. "కలవడం లేదు సార్" అంది ఒక అమ్మాయి. నిజమే. గుండ్రటి భూమిని చదునుగా పరిస్తే ఆకారాలు మారక తప్పదు, ఆ పటంలో ధ్రువాల వైపు సాగాయి. కాబట్టి గ్లోబు మీదే బటర్ పేపర్ ఆనించి గీయండి.

తీరం వెంట కత్తిరించకండి. ఖండం నీటి అడుగున ఇంకొంత దూరం సాగి, ఆ తర్వాతే లోతుకు దిగుతుంది. గ్లోబు మీద లేత నీలం రంగులో కనిపించే ఖండతీరపు అంచును కూడా కలుపుకోండి. 1965లో బ్రిటిష్ భూభౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బుల్లార్డ్ బృందం కంప్యూటర్‌తో ఖండాలను జోడించినప్పుడు సుమారు 900 మీటర్ల లోతు గీతనే తీసుకుంది.

కత్తిరించాక భారత్ ముక్క మీద తిరుపతి ఉన్నచోట కుంకుమ చుక్క పెట్టించండి. అసలు పాఠం ఆ చుక్కదే.

ఆఫ్రికాను మధ్యలో ఉంచి, గినియా సింధుశాఖలో బ్రెజిల్ మూపును ఇమడ్చండి. మన తూర్పు తీరాన్ని అంటార్కిటికాకు ఆనించండి. పడమట మడగాస్కర్, దాని అవతల ఆఫ్రికా. ఈ దక్షిణపు ముక్కలన్నిటి మీదా ఒక ఆకు గీయించండి. అది గ్లోసాప్టెరిస్ అనే, ఎప్పుడో అంతరించిన మొక్క ఆకు. దాని శిలాజాలు ఈ ఖండాలన్నిటిలో దొరికాయి. 1912లో జర్మన్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వెగెనర్ ఖండాలు కదిలాయని వాదించినప్పుడు చూపిన సాక్ష్యాల్లో ఇలాంటి శిలాజాలు ముఖ్యమైనవి.

ఇక విడదీయండి. సుమారు 20 కోట్ల ఏళ్ల కిందట ఉత్తర అమెరికా ఆఫ్రికా నుంచి విడిపోసాగింది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట మనం అంటార్కిటికాను వదిలాం, 9 కోట్ల ఏళ్ల కిందట మడగాస్కర్‌ను. ఇక్కడ తొందరపడకండి, చుక్కనే చూడమనండి. ఒక దశలో మన ముక్క ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా, అంటే ఒక జాన దాకా, ఉత్తరానికి నడిచింది.

ఆసియా దక్షిణపు అంచున తడి తువ్వాలు పరిచి, భారత్ ముక్కతో నెట్టించండి. తువ్వాలు ముడతలు పడి లేస్తుంది. 5 కోట్ల ఏళ్ల కిందట మొదలైన ఆ తాకిడికే హిమాలయాలు లేచాయి, ఇప్పటికీ లేస్తున్నాయి.

మర్నాడు పొద్దున్నే, ఎండెక్కకముందు, పిల్లలను తిరుమలలో శిలాతోరణం దగ్గరకు తీసుకెళ్లండి. ఆ రాయి వయసు సుమారు 150 కోట్ల ఏళ్లు. పాంజియా కూడినప్పుడూ, విడిపోయినప్పుడూ అది ఉంది. నిన్న బల్ల మీద నడిచిన కుంకుమ చుక్క అదే.