కుండీల్లో నల్లటి చిన్న ఈగలు: సాలీళ్లను ఉంచాలా, తీసేయాలా? (నా అనుభవం)

నీళ్లు పోసినప్పుడల్లా కుండీ మట్టిలోంచి నల్లటి చిన్న ఈగలు లేచేవి. ఫంగస్ నాట్స్ అంటారు వీటిని. పసుపు జిగురు అట్టలు, వేపనూనె స్ప్రే, మట్టి మీద దాల్చినచెక్క పొడి... ఏదీ పూర్తిగా పనిచేయలేదు.

చివరికి పనిచేసింది ఇది. ముందు స్ప్రేలన్నీ ఆపేశాను, పురుగుమందు సాలీళ్లనూ చంపుతుంది కాబట్టి. కిటికీ మూలలో పొడుగుకాళ్ల సాలీడు కట్టిన గూడును దులపకుండా వదిలేశాను. దగ్గరగా చూస్తే ఆ పోగులకు నలుసుల్లా ఈగలు అంటుకుని ఉండేవి, చాలా సంతోషమేసింది. కానీ సాలీడు పట్టేది ఎగిరేవాటినే. పిల్లపురుగులు తడి మట్టి పైపొరలోనే ఉంటాయి. అందుకే తర్వాత నీళ్ల సంగతి చూశాను. వేలు గుచ్చి, పైన రెండు అంగుళాల మట్టి పొడిగా తగిలితేనే పోయడం, పళ్లెంలో నిలిచిన నీళ్లు వెంటనే పారబోయడం. గుడ్డు నుంచి ఈగ దాకా సుమారు 3-4 వారాలు పడుతుంది, అంతవరకు ఓపిక పట్టాల్సిందే. ఆ తర్వాత ఈగలు దాదాపు కనిపించడం లేదు.

ఒక్క జాగ్రత్త. ఆకుల అడుగున సాలెగూడు లాంటి సన్నటి పోగులు, పైన లేత చుక్కలు కనిపిస్తే అది సాలీడు పని కాదు, ఎర్రనల్లి (ఆకుల రసం పీల్చే అతిచిన్న పురుగు). దాన్ని మాత్రం అస్సలు ఉపేక్షించొద్దు. మొక్కను వేరుగా పెట్టి, ఆకుల అడుగుభాగం బాగా కడగండి.

సాలీళ్ల వల్ల ఎంత తగ్గిందో, మట్టి ఆరనివ్వడం వల్ల ఎంతో విడదీసి చెప్పలేను. నా అంచనా మట్టిదే పెద్ద వాటా. ఎప్పుడూ తడి కోరే ఫెర్న్‌లకైతే ఈ పద్ధతి కుదరదు.