ఇజ్రాయెల్ సైన్యంలో చేరాలంటే: అర్హత ఎవరికి, దరఖాస్తు ఎలా, ఏ కాగితం దగ్గర ఆగిపోతారు

ఇజ్రాయెల్ ఆర్మీలో ఉద్యోగాలున్నాయి, ట్రైనింగ్ వాళ్లే ఇస్తారు, వీసా మేం చూసుకుంటాం అంటూ వాట్సాప్‌లో వచ్చే మెసేజ్‌లు నిజమేనా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. జవాబు ముందే చెప్పేస్తున్నా: నిజం కాదు. ఆ సైన్యం విదేశీయులను జీతానికి పెట్టుకోదు. ఆ దేశ పౌరులు, శాశ్వత నివాసులు చేరతారు. వాళ్లు కాకుండా యూదు మూలాలున్న విదేశీ వాలంటీర్లు చేరతారు. ఈ రెండు దారుల్లోనూ ఏజెంటుతో పని లేదు. సహాయకుల పని అని నమ్మించి రష్యా సైన్యంలోకి పంపిన కుర్రాళ్లలో మన తెలంగాణ పిల్లలు కూడా ఉన్నారని 2024లో చూశాం. అందరూ తిరిగి రాలేదు. అందుకే ఈ పద్ధతి మొత్తం విడమరిచి రాస్తున్నాను.

భవన నిర్మాణానికి, వృద్ధుల సంరక్షణకు మనవాళ్లు ఇజ్రాయెల్ వెళ్తున్నారు కదా అంటారు. వెళ్తున్నారు, కానీ అది వేరే దారి, వేరే వీసా. ఆ వీసా మీద వెళ్లి, ఆ తర్వాత సైన్యంలోకి మారడం అనేది ఉండదు.

అర్హత ఎవరికి?

ఇజ్రాయెల్ 1950లో ‘తిరిగి వచ్చే హక్కు’ చట్టం చేసింది. యూదులెవరైనా అక్కడికి వెళ్లి పౌరసత్వం పొందవచ్చు. 1970 సవరణతో యూదుల పిల్లలకు, మనవలకు, వాళ్ల భార్యాభర్తలకు కూడా ఆ హక్కు వచ్చింది. అంటే తాతయ్యో నానమ్మో యూదులైతే చాలు, మీరు స్వయంగా యూదులు కాకపోయినా దరఖాస్తు చేసుకోవచ్చు.

మొదటి దారి అలియా, అంటే వలస వెళ్లి పౌరసత్వం తీసుకోవడం. తర్వాత, సైనిక సేవ వయసులో ఉంటే, సైన్యం పిలుపు దానంతట అదే వస్తుంది. సాధారణంగా తొలి ఏడాది పిలవరు, ముందే చేరాలనుకుంటే అడగవచ్చు. ఎన్ని నెలలు పనిచేయాలన్నది ఏ వయసులో దేశంలోకి వచ్చారు, పెళ్లయిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండో దారి మహల్. పౌరసత్వం తీసుకోకుండా సుమారు 18 నెలలు వాలంటీరుగా పనిచేయడం. 1948 యుద్ధానికి విదేశాల నుంచి వచ్చిన వాలంటీర్ల నుంచి వచ్చిన పేరది. మగవాళ్లకు 24 ఏళ్లు, ఆడవాళ్లకు 21 ఏళ్లు నిండకుండా ఉండాలి. దీనికీ యూదు మూలం రుజువు చేయాల్సిందే.

మన దేశంలో ఈ దారిలో వెళ్లేవాళ్లు ఎక్కువగా ముంబై, కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయెల్ అనే యూదు సమాజం కుటుంబాల వాళ్లు, మణిపుర్, మిజోరంలలోని బ్నే మెనాషే అనే సమాజం వాళ్లు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ సమాజం ఉంది. తెలుగు మాట్లాడుతూ సబ్బాతు పాటించే కుటుంబాలు. వాళ్ల విషయం కింద విడిగా చెప్తాను, ఎందుకంటే మోసానికి ఎక్కువ అవకాశం ఉన్నది అక్కడే.

కాగితాలు

పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల పెళ్లి పత్రం, పెళ్లి కాకపోతే ఆ మేరకు ధ్రువీకరణ, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, ఆరోగ్య వివరాలు. వీటిలో కష్టమైనది ఏదీ లేదు. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవాలో 500 రూపాయలకు వస్తుంది. మన పత్రాలకు అపొస్టిల్ ముద్ర, అంటే పత్రం అసలైనదేనని విదేశాల్లో చెల్లేలా వేసే ముద్ర కావాలి. ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆ తర్వాత విదేశాంగ శాఖ ముద్ర. ప్రభుత్వ రుసుము పత్రానికి 50 రూపాయలు, శాఖ అనుమతించిన సంస్థ సర్వీసు చార్జీ అదనం. దీనికి వేలకు వేలు అడిగేవాడి దగ్గర నుంచి లేచి వచ్చేయండి.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పదో తరగతి మెమోలో ఒక్క అక్షరమే ఉంటుంది, జనన ధ్రువపత్రంలో పిల్లవాడి పేరే ఉండదు, ‘బేబీ ఆఫ్’ అని తల్లి పేరు ఉంటుంది. నాన్న పేరు ఒక్కో కాగితంలో ఒక్కో స్పెల్లింగ్. మనకిది మామూలే, అక్కడి అధికారికి మాత్రం వీళ్లు ముగ్గురు వేరు వేరు మనుషులు. దరఖాస్తు పెట్టకముందే మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో సరిచేయించుకోండి. పుట్టుక నమోదే కాకపోతే ఆలస్య నమోదు చేయించాలి. ఏడాది దాటినవాటికి అధికారి ఉత్తర్వు కావాలి కాబట్టి కొంత సమయం పడుతుంది.

అసలు చిక్కు: యూదు ధ్రువీకరణ లేఖ

పై కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా ఫైలు ఆగిపోయేది ఈ ఒక్క లేఖ దగ్గర. మీరు, లేదా మీ అమ్మానాన్నల్లో ఒకరు, లేదా తాతయ్య, నానమ్మ, అమ్మమ్మల్లో ఒకరు యూదులని, గుర్తింపు ఉన్న యూదు సమాజపు మతగురువు రాసిచ్చే లేఖ ఇది. సమాజం లెటర్‌హెడ్ మీద ఉండాలి. ఎవరి వైపు నుంచి వచ్చిన మూలమో స్పష్టంగా రాయాలి. రాసినవారికి ఆ కుటుంబం ఎలా తెలుసో, ఎన్నాళ్లుగా తెలుసో ఉండాలి. అడిగితే ఫోనులో మాట్లాడగలిగే మనిషి సంతకం చేయాలి. ‘ఈ కుర్రాడు మంచివాడు, యూదు’ అని రెండు ముక్కలు రాసి రబ్బరు స్టాంపు వేస్తే సరిపోదు.

భారతదేశంలో ఇంకో ఇబ్బంది ఉంది. చాలా సినగాగుల్లో (యూదుల ప్రార్థనా మందిరాల్లో) స్థిరంగా ఉండే మతగురువు ఉండరు, ప్రార్థన నడిపించే పెద్దలే ఉంటారు. కాబట్టి లేఖకు తోడు ఆధారాలు పెట్టాలి. అమ్మమ్మ పెళ్లి ఒప్పందం, సినగాగు పెళ్లి రిజిస్టరులో పేరు, యూదు శ్మశానంలో తాతయ్య సమాధి వివరం, ఇప్పటికే ఇజ్రాయెల్‌లో ఉన్న మేనమామ గుర్తింపు పత్రం. ఒక్క బలమైన పాత కాగితం పది కొత్త అఫిడవిట్లకన్నా పనికొస్తుంది. నోటరీ దగ్గర ‘మేము యూదులం’ అని మనమే రాసుకున్న ప్రమాణ పత్రానికి విలువ లేదు. మన ఊళ్లలో దాన్నే పెద్ద పత్రమని చెప్పి డబ్బు గుంజుతున్నారు.

గుర్తింపు అన్నది సమాజం మొత్తానికి సంబంధించిన సంగతి. బెనె ఇజ్రాయెల్ వాళ్లు కూడా దీనికోసం పోరాడారు. వాళ్లు అన్ని విధాలా యూదులేనని ఇజ్రాయెల్ పార్లమెంటు 1964లో ప్రకటించాకే పెళ్లిళ్ల దగ్గర ఎదురైన అవమానాలు తగ్గాయి. బ్నే మెనాషే వాళ్లను 2005లో అప్పటి సెఫార్డీ ప్రధాన మతగురువు ష్లోమో అమార్ గుర్తించారు. అయినా వాళ్లు మతమార్పిడి ప్రక్రియ పూర్తి చేయాల్సిందే. కొత్తరెడ్డిపాలెం సమాజానికి అలాంటి సామూహిక గుర్తింపు ఇప్పటికీ రాలేదు. వాళ్ల భక్తిని ఎవరూ శంకించనక్కర్లేదు, దశాబ్దాలుగా పండుగలు చేసుకుంటున్నారు, పిల్లలకు హీబ్రూ నేర్పుకుంటున్నారు. కానీ గుర్తింపు లేదు కాబట్టి అక్కడి నుంచి వచ్చిన లేఖ ఒక్కదాని మీద ఫైలు కదలదు. ‘అలియా లిస్టులో పేరు ఎక్కిస్తా’ అని ఎవరైనా డబ్బు అడిగితే, అలాంటి లిస్టు అమ్మకానికి ఉండదని తెలుసుకోండి. ఆ నిర్ణయం ఇజ్రాయెల్ ప్రభుత్వానిది, అక్కడి మతాధికారులది. ఆశ ఉన్నవాళ్ల దగ్గరే మోసగాళ్లు తిరుగుతారు. ఇది రాస్తుంటే నాకు బాధగానే ఉంది.

దొంగ లేఖతో వెళ్లిపోతే ఏమవుతుంది? తప్పుడు వివరాలతో పొందిన పౌరసత్వాన్ని రద్దు చేసే అధికారం అక్కడి చట్టంలో ఉంది. ఇటు మన పౌరసత్వ చట్టం 1955, సెక్షన్ 9 ప్రకారం మరో దేశ పౌరసత్వం కావాలని తీసుకున్న రోజే భారత పౌరసత్వం పోతుంది. రెండూ పోయాక నిలబడటానికి దేశమే ఉండదు.

నిజంగా అర్హత ఉన్నవాళ్లకు భయం అవసరం లేదు. లేఖ సరిపోలేదంటే ఇంకేం కావాలో అడుగుతారు, తెచ్చి ఇవ్వండి. అలియాకు, యూదుల వలస వ్యవహారాలు చూసే జ్యూయిష్ ఏజెన్సీ అనే సంస్థ ద్వారా, మహల్‌కు ఆ కార్యక్రమానికే నేరుగా దరఖాస్తు పెట్టాలి.

పిలుపు, పరీక్షలు

అక్కడికి చేరాక మొదటి పిలుపును ‘త్సావ్ రిషోన్’ అంటారు. వైద్య పరీక్ష, తెలివితేటల పరీక్ష, ఇంటర్వ్యూ, హీబ్రూ ఎంత వచ్చో చూడటం. వైద్య పరీక్షలో ప్రొఫైల్ అని ఒక అంకె ఇస్తారు. గరిష్ఠం 97. పోరాట దళాలకు 72 లేదా ఆపైన కావాలి. 21 వస్తే మినహాయింపు. చిన్నప్పుడు ఉబ్బసం ఉందని చెబితే తీసుకోరేమోనని కొందరు దాస్తారు. దాచొద్దు. ఎండలో బరువు మోస్తూ నడిచే రోజున అది బయటపడితే ప్రాణం మీదకు వస్తుంది. పాత వైద్య నివేదికలు ఇంగ్లీషులో తీయించుకుని వెంట తీసుకెళ్లండి.

శిక్షణ ఎలా ఉంటుంది?

చేరే రోజు టెల్ హషోమెర్ స్థావరంలో ఒక లైనులో మొదలై సాయంత్రానికి సైనికులవుతారు. ఫొటో, వేలిముద్రలు, పళ్ల ఎక్స్‌రే, టీకాలు, బట్టలు, బూట్లు. పేరు, నంబరు చెక్కిన లోహపు బిళ్లలు ఒకటి మెడలో, మరో రెండు బూట్లలో. ఎందుకో ఎవరూ చెప్పరు, చెప్పకపోయినా అర్థమవుతుంది.

హీబ్రూ సరిగా రానివాళ్లను ఎక్కువగా ఉత్తరాన గలిలీలోని మిఖ్వే అలోన్ స్థావరానికి పంపుతారు. అక్కడ భాష కోర్సు, ప్రాథమిక శిక్షణ కలిసి సుమారు మూడు నెలలు. నేర్పే టీచర్లు కూడా యూనిఫాంలో ఉన్న అమ్మాయిలే, పంతొమ్మిది ఇరవై ఏళ్లవాళ్లు. రష్యా, ఇథియోపియా, ఫ్రాన్స్, అమెరికా, ఇండియా నుంచి వచ్చినవాళ్లంతా ఒకే గదిలో. ‘రెండు నిమిషాలు’ అని కమాండర్ గడియారం చూస్తుంది. ఆ రెండు నిమిషాల్లో మంచం సర్ది, నీళ్ల సీసా మూతదాకా నింపి, బూటు తాడు లోపలికి దోపి, బయట వరుసలో నిలబడాలి. ఒక్కడు ఆలస్యమైతే అందరూ మళ్లీ చేయాలి. తొలి వారం చాలామందికి శిక్ష పడేది తప్పు చేసినందుకు కాదు, చెప్పింది అర్థం కానందుకు. అందుకే ఇంటి దగ్గరే అంకెలు, కుడి ఎడమలు, సమయం, వస్తువుల పేర్లు హీబ్రూలో నేర్చుకుని వెళ్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

తుపాకీ ఇచ్చినప్పటి నుంచి అది మనిషిని వదలకూడదు, నిద్రలో కూడా దగ్గరే ఉండాలి. భోజనశాలలో మాంసం, పాల పదార్థాలు కలవవు. కోడికూర తిన్నాక పెరుగన్నం కలుపుకోవడం అలవాటైన ఇళ్ల పిల్లలకు అది కొన్నాళ్లు లోటుగానే ఉంటుంది. శిక్షణ చివర ప్రమాణం ఉంటుంది. ఒక చేతికి తుపాకీ, ఒక చేతికి హీబ్రూ బైబిల్ ఇస్తారు. మూలం తాతయ్య వైపుదైతే, మతశాస్త్రం ప్రకారం మిమ్మల్ని యూదులుగా లెక్కించకపోవచ్చు. అలాంటివాళ్ల కోసం సైన్యంలోనే యూదు మతం గురించి నేర్పి, కావాలంటే మతమార్పిడికి దారి చూపే నతీవ్ అనే కోర్సు ఉంది. పౌరసత్వం వేరు, మత గుర్తింపు వేరు అని అక్కడికి వెళ్లాక తెలిసి కుంగిపోకండి, ముందే తెలుసుకుని వెళ్లండి.

తల్లిదండ్రులు విదేశంలో ఉంటే ‘ఒంటరి సైనికుడు’ హోదా వస్తుంది. ఎక్కువ జీతం, అద్దె సాయం, ఇంటి పనులకు సెలవు, అమ్మానాన్నలను చూసి రావడానికి విదేశీ సెలవు. ఇది దానంతట అదే రాదు. మీ విభాగంలో సైనికుల బాగోగులు చూసే ఉద్యోగిని ఉంటుంది, ఆమెకు తల్లిదండ్రులు ఎక్కడ ఉంటున్నారో రుజువులతో ఇవ్వాలి. మొహమాటపడి అడగనివాళ్లు నష్టపోతారు. శుక్రవారం మధ్యాహ్నం తోటివాళ్లంతా మురికి బట్టల సంచితో ఇంటికి వెళ్తుంటే ఎక్కడికి వెళ్లాలో తెలియక నిలబడిపోవడం అప్పుడు అనుభవంలోకి వస్తుంది. దత్తత కుటుంబాలు, సైనికుల వసతి గృహాలు ఉన్నాయి, మొదటి రోజే అడగండి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. ఇది యుద్ధంలో ఉన్న సైన్యం. శిక్షణ పూర్తయిన పిల్లలు సరిహద్దుకు వెళ్తారు, సేవ ముగిశాక కూడా రిజర్వు పిలుపులు వస్తాయి. తిరిగి ఇండియాకు వచ్చి ఉండాలనుకుంటే ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) సంగతీ చూసుకోవాలి. విదేశీ సైన్యంలో పనిచేసినవాళ్లకు ఓసీఐ ఇవ్వరన్నది సాధారణ నియమం. ఇజ్రాయెల్‌లో తప్పనిసరి సైనిక సేవ చేసిన భారత సంతతివారికి ఇస్తామని 2017 జులైలో టెల్ అవీవ్‌లో ప్రధాని మోదీ ప్రకటించారు. వాలంటీరుగా చేరేవాళ్లు అది తమకూ వర్తిస్తుందని అనుకోకుండా, వెళ్లకముందే భారత రాయబార కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడిగి జవాబు దగ్గర పెట్టుకోవాలి.

ఇప్పటికే ఎవరికైనా డబ్బు కట్టేసి ఉంటే సిగ్గుపడి ఊరుకోకండి. ఆన్‌లైన్‌లో పంపి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. చేతికి ఇచ్చి ఉంటే చాట్ స్క్రీన్‌షాట్లు, ఇచ్చిన తేదీలు రాసుకుని స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. ఆ ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో విదేశాంగ శాఖ వారి ఈమైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు. రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంటు కూడా సర్వీసు చార్జీగా 30 వేలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. మీ ఒరిజినల్ పాస్‌పోర్టు వాడి దగ్గర ఉంటే ఫిర్యాదులో ఆ మాట మొదటి వాక్యంలోనే రాయండి.